ప్రశ్న చైనీస్‌లోకి వెళ్లింది, మరి అర్థం?

2020 జనవరి 31 రాత్రి. వూహాన్ నగరాన్ని మూసేసి అప్పటికి వారం దాటింది. చైనా అంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంది. ఆ రాత్రి ప్రభుత్వ వార్తా సంస్థ షిన్హువా ఒక వార్త ఇచ్చింది. ష్వాంగ్‌హ్వాంగ్‌లియన్ అనే మూలికల ద్రావణం కొత్త కరోనా వైరస్‌ను అణచగలదని షాంఘైలోని ఒక ఔషధ పరిశోధన సంస్థ, వూహాన్ వైరాలజీ సంస్థ ప్రాథమికంగా గుర్తించాయన్నది ఆ వార్త. అది జలుబుకూ గొంతునొప్పికీ అక్కడివాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న మందే. గంటల్లో మందుల షాపుల ముందు అర్ధరాత్రి క్యూలు కట్టారు. ఆన్‌లైన్‌లో ఉన్న స్టాకంతా అయిపోయింది. జనం గుమిగూడవద్దని ప్రభుత్వం చెబుతున్న రోజుల్లో జనం గుమిగూడారు. మర్నాడు కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ సర్దిచెప్పాల్సి వచ్చింది: అణచడం అంటే రాకుండా ఆపడమో నయం చేయడమో కాదు, ఎగబడి కొనొద్దు, మీ అంతట మీరు తాగొద్దు అని.

ఆ క్యూలో నిలబడినవాళ్లను అమాయకులని తీసిపారేయడం తప్పు. వాళ్లు నమ్మింది ఊరూపేరూ లేని ఫార్వర్డ్ మెసేజ్‌ను కాదు. చెప్పింది దేశంలోకెల్లా పెద్ద వార్తా సంస్థ, పరిశోధించింది నిజంగా పేరున్న సంస్థలు. ‘ఎవరు చెప్పారో చూసుకోండి’ అన్న సలహాను వాళ్లు పాటించినట్టే. వాళ్లకు అందనిది ఒక్కటే. ప్రయోగశాలలో వైరస్ మీద పనిచేయడానికీ మనిషి ఒంట్లో పనిచేయడానికీ మధ్య ఉన్న దూరం. వార్తలో ‘ప్రాథమికంగా’ అన్న మాట ఉంది. కానీ ఆ మాట ఎంత బరువైనదో చదివినవాళ్లకు తెలియలేదు.

మీడియాలో కనపడే ఆరోగ్య సమాచారాన్ని గుర్తుపట్టి, తూచి, దాన్ని బట్టి నడుచుకునే ఈ నేర్పును ప్రశ్నలు అడిగి కొలవవచ్చా? ఒక దేశంలో తయారైన అలాంటి ప్రశ్నావళిని చైనీస్ మాట్లాడేవాళ్లకు ఎలా మలచాలి? మలిచాక అది నిజంగా పనిచేస్తోందని ఎలా తేల్చాలి? పైకి ఇది విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులు చూసుకునే వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ ఇలాంటి కొలతలను చూసే ప్రభుత్వాలు ఎవరికి ఏం నేర్పాలో నిర్ణయించుకుంటాయి. కొలత తప్పితే సాయం అందాల్సినవాళ్లకు అందదు.

హెల్త్ లిటరసీ అన్న మాట పాతదే. మందు చీటీ చదవగలగడం, డాక్టర్ చెప్పింది అర్థం చేసుకోవడం, ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లాలో తెలియడం లాంటివి అందులోకి వస్తాయి. మీడియా లిటరసీ వేరే దారిలో వచ్చింది. ఈ వార్త ఎవరు రాశారు, ఎందుకు రాశారు, దీని వెనక డబ్బు ఎవరిది అని అడగడం అది. ఈ రెండు దారులూ కలిసే చోట 2011లో ఇజ్రాయెల్‌లో డయాన్ లెవిన్-జమీర్, డఫ్నా లెమిష్, రోజా గోఫిన్ ‘మీడియా హెల్త్ లిటరసీ’ అన్న భావనను ముందుపెట్టి, కౌమార వయసు పిల్లల్లో దాన్ని కొలిచారు. ‘నీకు ఎంత తెలుసు?’ అని అడిగి ఊరుకోకుండా పిల్లల ముందు మీడియా నుంచి తీసిన ముక్కలను పెట్టారు. అందులో ఆరోగ్యానికి సంబంధించిన విషయం ఉందని గుర్తించారా, అది తమ మీద ఎలా పనిచేస్తుందనుకుంటున్నారు, దాన్ని ప్రశ్నించగలిగారా, చూశాక ఏం చేద్దామనుకుంటున్నారు అని నాలుగు మెట్లుగా చూశారు.

మొదటి మెట్టు మీద కాసేపు ఆగాలి. ఆరోగ్య సమాచారం ఎప్పుడూ ఆరోగ్య సమాచారంలా రాదు. సీరియల్లో హీరో సిగరెట్ వెలిగిస్తే అదీ ఆరోగ్యం గురించి ఏదో చెబుతున్నట్టే. వంటల వీడియోలో ‘ఇది తింటే షుగర్ రాదు’ అని ఒక్క ముక్క అని ముందుకు సాగిపోతే అదీ అంతే. అక్కడ ఒక వాదన జరిగిందని గుర్తుపట్టనివాళ్లు దాన్ని పరీక్షించే ప్రసక్తే రాదు.

చైనాకు ఈ కొలత ఎందుకు అవసరమో అర్థం కావాలంటే 2010కి వెళ్లాలి. జాంగ్ వూబెన్ అనే ఆయన టీవీలో ఆహార వైద్యుడిగా వెలిగిపోయాడు. పెసలు ఉడికించిన నీళ్లు తాగితే ఎన్నో రోగాలు పోతాయన్నాడు. పెసల ధర ఆకాశానికెక్కిన రోజులవి. ఆ పెరుగుదలలో ఆయన మాటలకూ వాటా ఉందని అక్కడ విస్తృతంగా చర్చ జరిగింది. తర్వాత ఆయన చెప్పుకున్న అర్హతలు నిజం కావని బయటపడింది. 2016లో ఇంకా బాధాకరమైన సంగతి జరిగింది. అరుదైన క్యాన్సర్ వచ్చిన 21 ఏళ్ల విద్యార్థి ఒకరు బైదూ సెర్చ్‌లో పైన కనిపించిన ఆస్పత్రికి వెళ్లి, ఖరీదైన చికిత్స తీసుకుని చనిపోయాడు. డబ్బు కట్టినవారి ఫలితాలను పైన చూపించే పద్ధతి ఆ కుటుంబం ఆస్పత్రిని ఎంచుకోవడంపై ప్రభావం చూపిందని ప్రభుత్వ విచారణ తేల్చింది. అంతకు ముందే, 2015 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన సవరించిన ప్రకటనల చట్టం, ఆరోగ్య జ్ఞానం పంచుతున్నట్టు నటిస్తూ మందుల ప్రకటనలు వేయడాన్ని నిషేధించింది. చట్టం ఉన్నా ప్రకటనను ప్రకటనగా గుర్తుపట్టాల్సింది చివరికి చూసేవాళ్లే.

చైనా ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. పౌరుడికి ఉండాల్సిన ఆరోగ్య జ్ఞానాన్ని, నేర్పులను 66 అంశాలుగా 2008లో ప్రకటించింది. వాటి మీద దేశవ్యాప్త సర్వేలు చేస్తోంది. 2008లో తగినంత హెల్త్ లిటరసీ ఉన్నవాళ్లు 6.48 శాతం అయితే, 2023లో 29.70 శాతానికి చేరారు. 2030 నాటికి 30 శాతం అని పెట్టుకున్న లక్ష్యానికి అప్పటికే అంచులదాకా వచ్చేశారన్నమాట. అయితే తెలిసిన విషయాన్ని పరీక్షించడం వేరు, ఫోన్‌లో ఎదురయ్యే మాటను తూచే నేర్పును పరీక్షించడం వేరు. ఆ రెండో పనికి వేరే ప్రశ్నావళి కావాలి. కొత్తగా తయారుచేసుకోవచ్చు, లేదా వేరే దేశానిది తెచ్చుకోవచ్చు. తెచ్చుకుంటే ఏళ్ల శ్రమ మిగులుతుంది, ఇతర దేశాలతో పోల్చుకునే వీలుంటుంది. చిక్కంతా తెచ్చుకోవడంలోనే ఉంది.

వెనక్కి అనువదించినా దొరకని తప్పులు

పద్ధతి ఏమిటో ముందు చెప్పుకుందాం. మూల ప్రశ్నావళిని ఇద్దరు విడివిడిగా చైనీస్‌లోకి అనువదిస్తారు. రెండిటినీ కలిపి ఒకటి చేస్తారు. మూలాన్ని చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి మూలభాషలోకి మారుస్తారు. తిరిగొచ్చిన ప్రశ్న అసలు ప్రశ్నతో పోలి ఉందా అని నిపుణుల బృందం చూస్తుంది. వెనక్కి అనువదించే ఈ పద్ధతిని 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరంగా రాశాడు. 2000లో బీటన్, ఆమె సహచరులు మొత్తం ప్రక్రియను మెట్లుగా రాసిపెట్టారు. చివరి రూపాన్ని 30 నుంచి 40 మంది సామాన్యులకు ఇచ్చి చూడాలని కూడా చెప్పారు.

ఇందులో ఒక లోపం ఉంది. మాట తిరిగొచ్చినంత మాత్రాన అర్థం వెళ్లొచ్చినట్టు కాదు. ‘క్రిటికల్‌గా ఆలోచించడం’ అన్నదాన్నే తీసుకోండి. చైనీస్‌లో దానికి మామూలుగా వాడే మాట ‘పీపాన్’తో మొదలవుతుంది. తిరిగి ఇంగ్లీషులోకి మారిస్తే చక్కగా ‘క్రిటికల్’ అనే వస్తుంది. బృందం సంతృప్తి పడుతుంది. కానీ సాంస్కృతిక విప్లవం నాటి రోజులు చూసిన పెద్దవాళ్లకు పీపాన్ అంటే మనిషిని సభలో నిలబెట్టి అందరూ దోషిగా నిందించడం గుర్తొస్తుంది. అందుకే కొందరు చైనీస్ పండితులు దానికి బదులు ‘షెన్‌బియాన్’ అంటారు, పరిశీలించి వేరుచేయడం అని. తెలుగులోనూ మనకు ఇదే ఇబ్బంది. ‘వార్తను విమర్శనాత్మకంగా చదువుతారా?’ అని అడిగితే చాలా మందికి తప్పులు వెతకడమే తోస్తుంది.

‘ష్వెన్‌చ్వాన్’ అనే మాట ఇంకా జారుడు. ఆరోగ్య శాఖ టీకాల గురించి ఊరూరా చెప్పేదీ ష్వెన్‌చ్వానే, కంపెనీ తన సరుకు గురించి చెప్పుకునేదీ ష్వెన్‌చ్వానే. మన ‘ప్రచారం’ ఎలాగో అది అలాగ. ‘మీడియాలో వచ్చే ఆరోగ్య ప్రచారాన్ని గుర్తించగలరా?’ అంటే ఒకరు పోలియో చుక్కల పోస్టర్ గురించి, ఇంకొకరు జుట్టు నూనె గురించి ఆలోచించి జవాబిస్తారు. ఇద్దరూ ఒకే గడిలో టిక్ పెడతారు. ఆ రెండు టిక్కులనూ మనం కలిపి లెక్కేస్తాం.

ఇంతకీ ‘చైనీస్ మాట్లాడేవాళ్లు’ అన్నది ఒకే గుంపు కాదు. ప్రధాన భూభాగంలో, సింగపూర్‌లో సరళ లిపి. తైవాన్, హాంకాంగ్‌లలో పాత లిపి. లిపి మార్చడం కంప్యూటర్ చేసే పని. మాటలు మార్చడం అలా కాదు. ‘సమాచార నాణ్యత’ను ప్రధాన భూభాగంలో ‘షిన్‌షీ జ్‌లియాంగ్’ అంటారు. తైవాన్‌లో సమాచారాన్ని ‘జ్‌షూన్’ అని, నాణ్యతను ‘పిన్‌జ్’ అని అంటారు. అక్కడ జ్‌లియాంగ్ అంటే భౌతిక శాస్త్రంలోని ద్రవ్యరాశి. చివరికి హెల్త్ లిటరసీ పేరే వేరు: ప్రధాన భూభాగంలో ‘జియాన్‌కాంగ్ సూయాంగ్’, తైవాన్‌లో ‘జియాన్‌కాంగ్ ష్‌నెంగ్’. సూయాంగ్‌లో ఏళ్ల సాధనతో అబ్బిన సంస్కారం అన్న ఛాయ ఉంది. ష్‌నెంగ్‌లో తెలుసుకునే సామర్థ్యం అన్న ఛాయ ఉంది. నీకు సామర్థ్యం ఉందా అని అడగడానికీ సంస్కారం ఉందా అని అడగడానికీ ఒకే జవాబు వస్తుందా?

యాప్‌ల పేర్లు మార్చడం అన్నిటికంటే సులువని అనిపిస్తుంది. ప్రధాన భూభాగంలో గూగుల్, ఫేస్‌బుక్, యూట్యూబ్ అందుబాటులో ఉండవు. కాబట్టి వాటి స్థానంలో బైదూ, వీచాట్, డౌయిన్ (టిక్‌టాక్‌కు చైనా రూపం) అని రాసేస్తే సరిపోతుందా? హాంకాంగ్‌లో వాట్సాప్, తైవాన్‌లో లైన్ అనుకుంటే? నాకు ఇక్కడే అసలు పెద్ద సమస్య కనిపిస్తోంది. ప్రపంచమంతా వాడిన ఈ-హీల్స్ అనే ఎనిమిది ప్రశ్నల కొలత 2006లో కెనడాలో నార్మన్, స్కిన్నర్ తయారుచేసింది. ఇంటర్నెట్‌లో ఆరోగ్య సమాచారం ఎక్కడ దొరుకుతుందో, ఎలా వెతకాలో తెలుసా అన్నది దాని ప్రాణం. అప్పట్లో మనిషి సమాచారం దగ్గరికి వెళ్లేవాడు. 2011లో వచ్చిన వీచాట్, 2016లో వచ్చిన డౌయిన్ కాలంలో సమాచారమే మనిషి దగ్గరికి వస్తోంది. బొటనవేలు పైకి జరిపితే చాలు, అడగని సలహా వచ్చి పడుతుంది. వెతకడం రానివాళ్లకూ అది చేరుతుంది. కాబట్టి యూట్యూబ్ తీసి డౌయిన్ అని రాసినంత మాత్రాన ప్రశ్న మారిపోదు. ‘వెతకగలరా?’ అన్నచోట ‘వెతక్కుండా వచ్చినదాన్ని ఏం చేస్తారు?’ అని అడగాలి.

ఎదురుగా కూర్చుని వినాలి

ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది, తరచూ రెండు వాక్యాల్లో తేల్చేసేది ఒకటుంది. దాన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. ఒక మనిషి ఎదుట కూర్చుని ప్రశ్న చదివి, ‘ఇది మీకు ఏమని అర్థమైంది? మీ మాటల్లో చెప్పండి. ఆ గడినే ఎందుకు ఎంచుకున్నారు?’ అని అడిగి, ఓపిగ్గా వినడమే అది.

‘మీడియాలో వచ్చే ఆరోగ్య విషయాలను మీరు సరిచూసుకుంటారా?’ అని ఒక పెద్దావిడను అడిగారనుకుందాం. మీడియా అంటే ఆవిడకు టీవీ, పేపరు. వీచాట్‌లో తన అక్క పంపిన వీడియో మీడియా కాదు, అక్క చెప్పిన మాట. ఆవిడ నిజాయితీగా ‘ఎప్పుడూ సరిచూసుకుంటాను’ అని జవాబిస్తుంది, అక్క పంపినదాన్ని నమ్ముతుంది. చైనీస్‌లో ‘జ్‌మెయ్‌తీ’ అన్న మాట ఉంది. ఎవరికి వారు సొంతంగా నడుపుకునే ఖాతాలకు అది పేరు. ప్రశ్నలో ఆ మాట లేకపోతే ఆరోగ్య సలహాల్లో చాలా భాగం ప్రశ్నావళి కంటికి ఆనదు.

‘సమాచారం శాస్త్రీయంగా నిరూపణ అయిందా అని చూస్తారా?’ అన్నది మరో చిక్కు. ‘షాంగ్‌హ్వో’ అని చైనీస్‌లో ఒక మాట రోజూ వినపడుతుంది. ఒంట్లో వేడి పెరగడం. నోరు పూసినా, మొటిమలు వచ్చినా, గొంతు ఎండినా షాంగ్‌హ్వో. మనం ‘వేడి చేసింది’ అన్నట్టే. ఏ పండు వేడి, ఏది చలవ అన్న జ్ఞానం అమ్మమ్మల నుంచి వచ్చింది. ‘యాంగ్‌షెంగ్’, అంటే ప్రాణాన్ని పోషించుకుంటూ బతకడం, అక్కడ ఎంతో పాత ఆలోచన. ఇలాంటి మాటలు నమ్మేవాళ్లందరికీ తక్కువ మార్కులు వేసే ప్రశ్నావళి వాళ్ల నేర్పును కొలవడం లేదు, సంప్రదాయాన్ని కొలుస్తోంది. అలాగని పెసలతో అన్ని రోగాలూ పోతాయని నమ్మడాన్ని సంప్రదాయం ఖాతాలో వేసి వదిలేయడమూ కుదరదు. వేసవిలో చలవకు పెసల కషాయం తాగడానికీ, దాన్ని నమ్మి వేసుకుంటున్న మాత్రలు మానేయడానికీ మధ్య గీత గీసే ప్రశ్న కావాలి. అలాంటి ప్రశ్న అనువాదంలో దొరకదు, అక్కడి మనిషే రాయాలి.

ఇక ‘తప్పుడు సమాచారం పంపినవాళ్లకు అది తప్పని చెబుతారా?’ అన్న ప్రశ్న. ‘ఒకరినొకరు ప్రేమించుకునే కుటుంబం’ అన్న అర్థం వచ్చే పేరుతో చైనాలో లెక్కలేనన్ని వీచాట్ కుటుంబ గ్రూపులు ఉంటాయి. అందులో పెదనాన్న ఒక చిట్కా పెడతాడు. తప్పని తెలిసినా అందరి ముందూ చెప్పి ఆయన పరువు తీయడానికి ఇష్టపడని తమ్ముడి కూతురు ‘చెప్పను’ అన్న గడిలో టిక్ పెడుతుంది. తర్వాత పెద్దమ్మకు విడిగా ఫోన్ చేసి జాగ్రత్త చెబుతుంది. ప్రశ్నావళి లెక్కలో ఆ అమ్మాయికి నేర్పు లేదు. నిజానికి అక్కడ ఉన్నది నేర్పు, దానికి తోడు మర్యాద. ‘మీ ఇంట్లోవాళ్లు నష్టపోకుండా ఏదో ఒక విధంగా జాగ్రత్తపడతారా?’ అని మారిస్తే ఆ అమ్మాయి జవాబు మారుతుంది.

అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

మాటల పని అయ్యాక లెక్కల పని. బీఎడ్ చదివినవాళ్లకు సప్రమాణత, విశ్వసనీయత అన్న రెండు మాటలు గుర్తుంటాయి. కొలవాలనుకున్నదాన్నే కొలుస్తోందా అన్నది సప్రమాణత. ఎన్నిసార్లు కొలిచినా నిలకడగా ఉంటుందా అన్నది విశ్వసనీయత. కిలోకు వంద గ్రాములు తక్కువ తూగే తక్కెడ ప్రతిసారీ అంతే తక్కువ తూగితే అది నిలకడైనదే, కానీ సరైనది కాదు.

ముందు నిపుణులు ఒక్కో ప్రశ్న ఎంత సందర్భోచితమో ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్న స్కేలు మీద చెబుతారు. ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే, కనీసం 78 శాతం మంది సరైనదే అంటే ఆ ప్రశ్నను ఉంచుతారు. తర్వాత వందల మందికి ప్రశ్నావళి ఇస్తారు. ఏ ప్రశ్నలకు జవాబులు కలిసి నడుస్తున్నాయో కారకాల విశ్లేషణ చూపిస్తుంది. గుర్తించడం, ప్రశ్నించడం, ఆచరించడం లాంటి, మూలంలో ఉన్న ప్రశ్నల కుటుంబాలే చైనీస్‌లోనూ బయటపడితే మంచిది. ఒక ప్రశ్న తన కుటుంబం వదిలి వేరే గుంపులో చేరితే దాన్ని మొహమాటపడి వెనక్కి లాగకూడదు. అది అక్కడికి ఎందుకు వెళ్లిందో ఆలోచించాలి. చాలాసార్లు ఆ దారితప్పిన ప్రశ్నే ఆ సమాజం గురించి కొత్త సంగతి చెబుతుంది.

1951లో లీ క్రాన్‌బాక్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఆల్ఫా అనే అంకె ఇలాంటి పరిశోధన వ్యాసాలన్నిటిలో తప్పకుండా కనిపిస్తుంది. 0.7 దాటితే చాలంటారు, 0.9 దాటితే చాలా బాగుందంటారు. ఇక్కడ జాగ్రత్తపడాలి. ఒకే ప్రశ్నను పది రకాలుగా తిప్పి అడిగినా ఆల్ఫా ఎక్కువే వస్తుంది. ఆ పది ప్రశ్నలనూ జనం ఒకే విధంగా అపార్థం చేసుకున్నా ఎక్కువే వస్తుంది. జవాబుల మధ్య పొత్తు ఉందని మాత్రమే ఆల్ఫా చెబుతుంది.

‘అస్సలు కాదు’ నుంచి ‘పూర్తిగా అవును’ దాకా వరుసగా ఉండే జవాబు గడుల సంగతీ ఉంది. 1995లో ప్రచురించిన ఒక అధ్యయనం జపాన్, తైవాన్, కెనడా, అమెరికా హైస్కూలు విద్యార్థులను పోల్చింది. జపాన్, తైవాన్ పిల్లలు మధ్య గడిని కాస్త ఎక్కువగా ఎంచుకున్నారు. తేడా చిన్నదే అయినా రెండు దేశాల సగటులను పక్కపక్కన పెట్టేవాళ్లు దాన్ని మర్చిపోకూడదు. ‘నేను బాగా చేయగలను’ అని తన గురించి తాను చెప్పుకోవడం మర్యాద కాదనుకునే చోట మధ్య గడి అజ్ఞానానికి గుర్తు కాకపోవచ్చు, అణకువకు గుర్తు కావచ్చు.

ఇక నా ప్రధానమైన అభ్యంతరం. ఈ ప్రశ్నావళుల్లో ఎక్కువ భాగం మనిషిని తన గురించి తననే అడుగుతాయి. నెదర్లాండ్స్‌లో 2011లో ఈ-హీల్స్ మీద ఒక పరీక్ష చేశారు. తమకు బాగా వచ్చని గడులు నింపినవాళ్లకు నిజంగా ఇంటర్నెట్‌లో ఆరోగ్యానికి సంబంధించిన పనులు ఇచ్చి చేయమంటే, చెప్పినదానికీ చేసినదానికీ పెద్దగా పొత్తు కుదరలేదు. ఇది తెలిశాక ‘మీరు సమాచారం మూలాన్ని చూస్తారా?’ అన్న ప్రశ్నతో ఎంతవరకు తృప్తి పడగలం? 2020 జనవరి 31 రాత్రి క్యూలో నిలబడినవాళ్లు దానికి ‘ఎప్పుడూ చూస్తాను’ అని నిజాయితీగా రాసి, పూర్తి మార్కులు తెచ్చుకునేవాళ్లు. ఇజ్రాయెల్ బృందం చేసినట్టు నిజమైన వార్త ముక్కను ముందుపెట్టి, ‘ఇది చదివి మందు కొంటారా? ఏ మాట చూసి ఆగుతారు?’ అని అడగడం కష్టం, ఖర్చు. జవాబులు దిద్దడానికి మనుషులు కావాలి. అయినా గడుల ప్రశ్నల పక్కన అలాంటివి కనీసం రెండు మూడైనా ఉంచాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎవరిని అడుగుతున్నాం అన్నది కూడా తేల్చుకోవాలి. చైనాలో వెన్‌జువెన్‌షింగ్ లాంటి ఆన్‌లైన్ సర్వే వేదికల ద్వారా లింకు పంపితే రెండు మూడు రోజుల్లో వందల జవాబులు వస్తాయి. వాటిలో విద్యార్థులవి, చదువుకున్న పట్టణ యువతవి ఎక్కువ ఉంటాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం చైనాలో 60 ఏళ్లు దాటినవాళ్లు 26 కోట్ల 40 లక్షల మంది. మందుల పేరుతో మోసపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న ఆ పెద్దవాళ్లు ఆ లింకు నొక్కరు. కాలేజీ పిల్లల మీద సరిపోయిందని తేలిన కొలత పల్లెలో తాతకూ అదే అర్థంతో పనిచేస్తోందా అన్నది విడిగా పరీక్షించాల్సిన విషయం. దీన్ని కొలత సమానత్వ పరీక్ష అంటారు. అది చేయకుండా ‘పెద్దవాళ్ల స్కోరు తక్కువ’ అని రాస్తే ఆ తక్కువ వాళ్లదో ప్రశ్నదో ఎవరూ చెప్పలేరు.

రేపు ఇలాంటి ప్రశ్నావళిని తెలుగులోకి తేవాలనుకునేవాళ్లకు ఈ చైనీస్ అనుభవం నేరుగా పనికొస్తుంది. ‘మీడియా’ అన్నచోట ‘టీవీ, పేపరు, యూట్యూబ్, వాట్సాప్‌లో వచ్చేవి’ అని విడగొట్టి రాయాలి. ‘ప్రచారం’ అన్న మాటను అసలు వాడకుండా ‘అమ్మడం కోసం చెప్పేది’ అనాలి. ‘విమర్శనాత్మకంగా’ అన్నది తీసేసి ‘ఇది నిజమేనా అని ఆగి చూస్తారా’ అని అడగాలి. ‘వేడి చేస్తుంది’ అన్న నమ్మకానికీ మందులు మానేయడానికీ విడివిడి ప్రశ్నలు పెట్టాలి. ఆ తర్వాత శ్రీకాకుళంలో, ఆదిలాబాద్‌లో, అనంతపురంలో ఒక్కో పదిమంది దగ్గర కూర్చుని, వాళ్లకు ఏమర్థమైందో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. లింకు పంపడం ఆ నోటుపుస్తకం నిండాకే.